పలక వేరు, కాళ్ళు వేరు: కడప ఇంట్లో వార్‌గేమ్ బల్ల కట్టుకునే పద్ధతి

మాది కడప. ఇంట్లో ఒక హాలు, రెండు చిన్న గదులు. హాల్లో దివాన్, టీవీ, ఒక మూల అమ్మ కుట్టుమిషను. ఈ ఇంట్లో బొమ్మ సైనికులతో యుద్ధం ఆడాలంటే ఐదడుగుల బల్ల ఎక్కడ వేయాలి? చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మినియేచర్లు, అంటే ఆ చిన్న సైనికుల బొమ్మలు, కొంటారు, రాత్రిళ్ళు కూర్చుని రంగులు వేస్తారు, నియమాలు కంఠతా పడతారు, బల్ల లేదని ఆటను మాత్రం వచ్చే నెలకు తోస్తారు. నేనూ ఏడాదిన్నర అలాగే తోశాను.

చివరికి దారి దొరికింది పలకనూ కాళ్ళనూ విడదీసి ఆలోచించినప్పుడు. మనం చేసుకోవాల్సింది పలక ఒక్కటే. కాళ్ళు ఇంట్లో ఎప్పటినుంచో ఉన్నాయి. డైనింగ్ టేబుల్, దివాన్, మడత బల్లలు, ఏవైనా ఆ పని చేస్తాయి. పలక బీరువా వెనక నిలబడి ఉంటుంది, ఆదివారం పొద్దున బయటికొస్తుంది, సాయంత్రం మళ్ళీ లోపలికి పోతుంది. ఐదు నిమిషాల్లో వేసి ఐదు నిమిషాల్లో తీయగలిగితేనే ఇంట్లోవాళ్ళకు ఇబ్బంది ఉండదు, ఆట నెలనెలా సాగుతుంది. కింద చెప్పేదంతా ఈ లెక్కమీదే.

ముందు కొలతలు

టేపు తీసుకుని ముందు గదిని కొలవండి. ఆ తర్వాతే ఆట కొలత. ఇద్దరు ఎదురెదురుగా నిలబడటానికి పలకకు రెండు వైపులా కనీసం రెండున్నర అడుగుల ఖాళీ ఉండాలి. బల్లను గోడకు ఆనించి ఒకే వైపు నుంచి ఆడేటట్టయితే వెడల్పు 30 అంగుళాలు దాటనివ్వకండి. చెయ్యి అంతకు మించి అందదు. అందకపోతే ముందుకు వంగుతాం, చొక్కా అంచు తగిలి ముందు వరసలో బొమ్మలు పడిపోతాయి. రెండు వైపుల నుంచీ అందుకునేటట్టయితే 48 అంగుళాల వరకు పరవాలేదు.

వార్‌హామర్ 40,000 అనే పేరున్న వార్‌గేమ్‌లో 2000 పాయింట్ల ఆటకు (పాయింట్లు సైన్యం బలానికి లెక్క) 44×60 అంగుళాల స్థలం చాలు. అందులోనే చిన్న పటాలాలతో ఆడే కంబాట్ పట్రోల్‌కు 44×30, కొద్దిమంది సైనికులతో ఆడే కిల్ టీమ్‌కు 22×30. పాతకాలం ఆటగాళ్ళు, చరిత్ర యుద్ధాలు ఆడేవాళ్ళు ఇప్పటికీ 6×4 అడుగులంటారు. ఫ్రాస్ట్‌గ్రేవ్ లాంటి చిన్న దళాల ఆటలకు మూడడుగుల చదరం సరిపోతుంది. 15 మిల్లీమీటర్ల ఎత్తు బొమ్మలతో డీబీఏ అనే ప్రాచీన యుద్ధాల ఆట ఆడేవాళ్ళు రెండడుగుల చదరంలో రెండు సైన్యాలను దింపుతారు. ఇల్లు మరీ ఇరుకైతే చిన్న బొమ్మలవైపు పోవడం కూడా మంచి దారే.

ఈ సాయంత్రమే ఆడాలంటే

వడ్రంగి పని మొదలుపెట్టే ముందు నేల మీద ఒక ఆట ఆడి చూడమని నా సలహా. మా ఇంట్లో కడప బండల నేల. నల్లగా, చల్లగా, సమంగా ఉంటుంది. దానిమీద సుద్దముక్కతో 44×60 గీత గీసి ఆట పూర్తిచేశాం. గుళ్ళ మండపాల్లో బండలమీద పులిజూదం గళ్ళు చెక్కిన మన పెద్దవాళ్ళు చేసింది ఇదే పని. మోకాళ్ళు నొప్పిపుడతాయి నిజమే కానీ ఎంత స్థలం కావాలో, ఎవరు ఎక్కడ నిలబడాలో ఆ ఒక్క పూటలో తేలిపోతుంది.

నేలమీద కొండలు కావాలంటే కంబళి పరవండి. అనంతపురం వైపు కురుబలు నేసే నల్ల కంబళి ఇంట్లో ఉంటే ఇంకేమీ కొనక్కర్లేదు. కింద పుస్తకాలు మెట్లుమెట్లుగా పేర్చి పైన కంబళి కప్పితే దున్నిన నల్లరేగడి చేనులా కనిపిస్తుంది, ఆ ఉన్ని గరుకుకు బొమ్మలు జారవు. ఒక్కటి గుర్తుంచుకోండి: ప్రతి మెట్టు కనీసం రెండంగుళాల వెడల్పు ఉండాలి. 32 మిల్లీమీటర్ల పీట ఉన్న బొమ్మ అంతకన్నా ఇరుకైన మెట్టుమీద కుదురుగా నిలబడదు. ప్లాస్టిక్ సైనికుల పీటలు మరీ తేలికగా ఉంటే హార్డ్‌వేర్ షాపులో దొరికే 25 మిల్లీమీటర్ల ఇనప వాషర్లు అడుగున అంటించండి. కంబళిమీద కూడా కుదురుగా నిలబడతాయి.

షీటు కోయించడం

ప్లైవుడ్ షీటు 8×4 అడుగులు వస్తుంది. దీన్ని ఎలా కోయించాలన్నది ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా ముఖ్యం.

44×30 కొలతకు కచ్చితంగా కోయిస్తే ఒక షీటులో మూడు పలకలు వస్తాయి, చివర్లు మిగులుతాయి. నేను అలా చేయలేదు. 48 అంగుళాల వెడల్పును ముట్టుకోకుండా, 96 అంగుళాల పొడవును మాత్రం మూడు సమభాగాలు చేయించాను. రంపం తినేది పోగా ఒక్కో పలక 48×32కు వెంట్రుకవాసి తక్కువ వస్తుంది. రెండు పలకలు కలిపితే 48×64. అందులో 44×60 యుద్ధభూమి గీస్తే చుట్టూ రెండేసి అంగుళాల గట్టు మిగులుతుంది. చచ్చిన బొమ్మలు, పాచికలు, టేపు పెట్టుకునే చోటు అదే. మూడో పలక కూడా కలిపితే ఎనిమిది అడుగుల బల్ల అవుతుంది, పెద్ద యుద్ధాలకు సరిపోతుంది. లేకుంటే పక్కన విడిగా వేసి నియమాల పుస్తకం, ఇంకా దింపని దళాలు, మజ్జిగ గ్లాసులు పెట్టుకోవచ్చు. గ్లాసులు మాత్రం ఎప్పుడూ ఆ మూడో పలకమీదే ఉండాలి. ఇది మా ఇంటి కట్టుబాటు.

6×4 అడుగుల ఆటే ఆడతామనుకుంటే షీటులో 36×48 ముక్కలు రెండు కోయించండి. మిగిలిన 24×48 ముక్క డీబీఏకు రెండు బోర్డులవుతుంది.

మందం 12 మిల్లీమీటర్లు చాలు. ఆ మందంలో ఒక్కో పలక ఏడు కిలోల దగ్గర తూగుతుంది, ఒక చేత్తో మోయొచ్చు. 18 మిల్లీమీటర్లది పది కిలోలు దాటుతుంది, గట్టిగా ఉంటుంది కానీ ప్రతి ఆదివారం మోసేవాళ్ళకు ఆ బరువు తెలుస్తుంది. ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసే షీటు) సాపుగా ఉంటుంది, రంగు బాగా పడుతుంది, కానీ అంచుకు నీళ్ళు తగిలితే ఉబ్బిపోయి మళ్ళీ దారికి రాదు. ప్లైవుడ్‌లో ఐఎస్ 303 అనే ప్రమాణం ముద్ర ఉన్న రకం తీసుకోండి, ఇంట్లో వాడకానికి సరిపోతుంది.

కడప బండనే బల్లగా వేస్తే అని అడిగేవాళ్ళున్నారు. మన ఊళ్ళో చవగ్గా దొరుకుతుంది, వంటగది గట్టు నుంచి అలమరా అరల దాకా అదే కదా అని. లెక్క వేసి చూశాను. అంగుళం మందాన 44×30 బండ ఒక్కటే 55 కిలోలు దాటుతుంది. పైగా పింగ్‌మని పడిన లోహపు బొమ్మకు చెయ్యి విరుగుతుంది. బండను నేలకే వదిలేయండి.

కోయించేటప్పుడు దగ్గరే నిలబడండి. షీటును నిలువునా కాక అడ్డంగా రెండు కోతలే అని ముందే చెప్పండి. మొదటి కోత అయ్యాక మూలమట్టం పెట్టి చూడమనండి. ఒక అంచు వంకరగా పోతే రెండు పలకలు కలిపినచోట సందు వస్తుంది, ఆ సందులో బొమ్మల పీటలు ఇరుక్కుంటాయి. కోసిన అంచులను ఉప్పుకాగితంతో రుద్దండి. ఈ పనికి బద్ధకిస్తే చేతుల్లో పేళ్ళు గుచ్చుకుంటాయి.

రీపర్లు, బోల్టులు, బీడింగు

12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఒక్కటే అయితే నెలలో నడుము వంచుతుంది. కింద రీపర్లు, అంటే సన్నని చెక్క బద్దలు, కొట్టాలి. ఒకటి బై రెండు అంగుళాల రీపరును నిలువుగా నిలబెట్టి, 48 అంగుళాల అంచులు రెండింటికీ సరిగ్గా అంచుదాకా ఆనించి వేయండి. వాటి మధ్య అడ్డంగా మరో రెండు, చివరల నుంచి పదేసి అంగుళాలు లోపలికి. అప్పుడు 32 అంగుళాల వైపు వేళ్ళు పట్టడానికి చోటుంటుంది. ఫెవికాల్ పూసి, పైనుంచి అంగుళంన్నర స్క్రూలు, తలలు పలకలోకి దిగేలా బిగించండి. గుంటలు వాల్ పుట్టీతో పూడ్చండి.

ఇప్పుడు రెండు పలకలను కలపాలి. చాలామంది విడివిడిగా రంధ్రాలు వేసి, తర్వాత అవి కలవక అవస్థ పడతారు. పలకలను బోర్లించి, రీపర్లు ఒకదానికొకటి ఆనేలా సి-క్లాంపులతో గట్టిగా పట్టించి, రెండు రీపర్లలోంచీ ఒకే పోటుకు డ్రిల్లు దించండి. ఇలాంటివి రెండు రంధ్రాలు, అంచుల నుంచి అడుగు లోపలికి. అందులో 8 మిల్లీమీటర్ల బోల్టు, రెక్కల నట్టు. చేత్తోనే బిగుస్తాయి, స్పానర్ వెతకక్కర్లేదు. మూడో పలకకూ ఇదే పద్ధతి. ఏ అంచు దేనితో కలుస్తుందో రీపరుమీద అంకెలు రాసిపెట్టుకోండి.

చుట్టూ బయటి అంచుకు అర అంగుళం పైకి లేచేలా టేకు బీడింగు (సన్నని చెక్క పట్టీ) కొట్టిస్తే పాచికలు కిందికి దొర్లవు. కలిపే అంచులకు బీడింగు వద్దు. పాచికలు మాత్రం నేరుగా బల్లమీద వేయకండి, బొమ్మలకు తగులుతాయి. మేము చిన్న వెదురు చేటలో పాత జాకెట్టు గుడ్డ అంటించి అందులో వేస్తాం. చప్పుడుండదు, మధ్యాహ్నం పడుకున్నవాళ్ళు లేవరు.

కాళ్ళు

నలుగురు కూర్చునే డైనింగ్ టేబుల్‌మీద ఈ 48×64 పలక వేస్తే అన్నివైపులా కొంచెం కొంచెం బయటికొస్తుంది. ఆ వచ్చేది అడుగు లోపే ఉండాలి. అంతకు మించితే ఎవరైనా అంచుమీద మోచేయి ఆనించిన క్షణం అవతలి అంచు లేస్తుంది. టేబుల్‌కూ రీపర్లకూ మధ్య పాత సైకిలు ట్యూబు ముక్కలు పరవండి. అద్దం పైనున్న టేబుల్ మీదైనా జారదు, గీతలు పడవు.

డైనింగ్ టేబుల్ లేకపోతే రెండు మడత బల్లలు. కూర్చుని ఆడితే 28 నుంచి 30 అంగుళాల ఎత్తు బాగుంటుంది. కానీ వార్‌గేమ్‌లో సగం సేపు నిలబడే ఉంటాం, వంగి కొలుస్తూ ఉంటాం. నిలబడి ఆడేవాళ్ళకు వంటగది గట్టు ఎత్తు, అంటే 33, 34 అంగుళాలు హాయి. మడత బల్ల కాళ్ళకింద ఒక్కో ఇటుక పెడితే ఆ ఎత్తు వచ్చేస్తుంది. ఇటుకలు కదలకుండా గోనెపట్టా ముక్కలు వేయండి. ప్లాస్టిక్ కుర్చీలమీద పలక వేయొద్దు, ఒక కుర్చీ కాలు వంగితే మూడు గంటల ఆట మొత్తం నేలపాలు.

దివాన్ మీద ఆడతామంటే పరుపు తీసేసి చెక్కమీదే పలక వేయండి. ఏదైనా సరే, పైన రసమట్టం పెట్టి చూసి మడిచిన అట్టముక్కలతో సరిచేయండి.

పైన పరిచేది

పచ్చగడ్డి రంగు గుడ్డ ఒకటి పరిస్తే పని అయిపోతుంది. ఇంకా బాగుండాలంటే ఫ్లెక్స్ షాపుకు వెళ్ళండి. ఎర్రనేల, బీడు, ఎండిన ఏటి ఇసుక, ఏ ఫొటో అయినా 44×60 అంగుళాలకు అచ్చు వేసిస్తారు. అంగుళానికి వంద చుక్కల లెక్కన 4400×6000 పిక్సెళ్ళ బొమ్మ ఇస్తే నిలబడి చూసే దూరానికి చక్కగా కనిపిస్తుంది. మామూలు ఫ్లెక్స్ ట్యూబులైటుకు మెరిసి కళ్ళలో పొడుస్తుంది. మెరుపు లేని మ్యాట్ లామినేషన్ అడగండి. అచ్చు ఉన్న వైపు బయటికి ఉండేలా చుట్టి పెడితే, పరిచినప్పుడు మూలలు పైకి లేవవు.

గండికోట లోయ

ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని, కొంచెం నిదానంగా చెబుతాను.

పలకలో లోయ తవ్వలేం. కాబట్టి రెండు గట్లు పెంచి మధ్యలో పలకను అలాగే వదలాలి. అదే పెన్నానది. గండికోటలో నిలబడి లోయ అంచులను చూసినవాళ్ళకు గుర్తుంటుంది: బండలు అడ్డంగా పొరలుపొరలుగా పేర్చినట్టు, మధ్యమధ్య నిలువునా చీలినట్టు ఉంటాయి. థర్మోకోల్‌కు ఇంతకన్నా అనువైన కొండ లేదు. ఫ్రిజ్, టీవీ డబ్బాల్లో వచ్చే థర్మోకోల్ దాచిపెట్టుకోండి.

అంగుళం మందం షీట్లు మూడు. ఒక్కోదాన్ని ముందు అంచువైపు కత్తితో కోయకుండా చేత్తో విరవండి. విరిగిన అంచు గరుకుగా, రాయిలాగే వస్తుంది. వెనకవైపు మాత్రం బ్లేడుతో సాపుగా. ఫెవికాల్‌తో ఒకదానిమీద ఒకటి అంటించి, పై పొరను కాస్త వెనక్కి జరపండి. రాత్రంతా బరువు పెట్టి ఉంచండి. తెల్లారాక ముందువైపు పెన్సిలుతో నిలువు చీలికలు నొక్కండి, అక్కడక్కడ చిన్న దిమ్మలు గిల్లేయండి. వాల్ పుట్టీలో ఫెవికాల్ కలిపి పలచగా బ్రష్షుతో రెండు పూతలు పూస్తే థర్మోకోల్ గింజలు కనిపించవు, అంచులు రాలవు.

రంగుకు నేను జాజు వాడాను. గడపకూ అరుగుకూ పూసే ఆ ఎర్రమట్టే. ఫెవికాల్ నీళ్ళలో కలిపి మొదటి పూత ముదురుగా, సందుల్లోకి బాగా దిగేలా. ఆరాక అదే రంగులో కొంచెం పసుపు ఎమల్షన్ కలిపి, బ్రష్షును గుడ్డకు తుడిచి, దాదాపు పొడిగా ఉన్న బ్రష్షుతో ఎత్తుమీదుగా మాత్రమే రాయాలి. చివరికి మీగడ రంగు, ఇంకా తేలికగా, పై అంచులకు మాత్రమే. మూడో రంగు తగిలిన క్షణంలో థర్మోకోల్ ముక్క రాయిగా మారుతుంది. మొదటిసారి చూసినప్పుడు మా బావ వేలితో గోకి చూశాడు.

ఒక హెచ్చరిక. నా మొదటి గట్టుకు తొందరపడి స్ప్రే డబ్బా రంగు కొట్టాను. కర్పూరం హరించినట్టు థర్మోకోల్ లోపలికి కుంగిపోయింది, రెండు రాత్రుల పని పోయింది. స్ప్రేలోని ద్రావకాలు థర్మోకోల్‌ను తినేస్తాయి. చెప్పులకు, రెగ్జిన్‌కు వాడే పసుపు జిగురూ అంతే. నీళ్ళలో కలిసే రంగు, నీళ్ళలో కలిసే జిగురు మాత్రమే వాడండి. వేడి తీగతో కోసేటట్టయితే కిటికీలు తెరిచి, లేదా మిద్దెమీద కోయండి. ఆ పొగ పీల్చకూడదు.

చెట్లకు ఎండిన సర్కారు కంప కొనలు, ముళ్ళు తీసేసి. గడ్డి పొదలకు టెంకాయ పీచు. నేలకు సామిల్లు నుంచి తెచ్చిన రంపపు పొట్టు జల్లించి, రంగునీళ్ళలో నానబెట్టి ఎండబెట్టాలి. కడప ఎండలో ఒక్క మధ్యాహ్నం చాలు.

మిద్దెలు

వార్‌గేమ్‌కు మన సీమ మట్టిమిద్దెకు మించిన ఇల్లు లేదు. పెంకుటిల్లు కడితే పైన బొమ్మ నిలబడదు. మిద్దె అయితే చదును కప్పుమీద అరడజను విలుకాళ్ళు నిలబడతారు, పిట్టగోడ వెనక దాక్కుంటారు.

28 మిల్లీమీటర్ల బొమ్మలకు గోడ ఎత్తు రెండున్నర అంగుళాలు, గుమ్మం అంగుళంన్నర, పిట్టగోడ అర అంగుళం. అడుగు 4×5 అంగుళాలు. ఫ్లెక్స్ షాపులో సన్‌బోర్డు (తేలికైన ఫోమ్ బోర్డు) తుండుముక్కలు అడిగితే ఇస్తారు. 5 మిల్లీమీటర్లది గోడలకు బాగుంటుంది. కప్పును అంటించకండి, తీసి పెట్టేలా ఉంటే ఇంట్లోకి కూడా బొమ్మలు దింపొచ్చు. గోడలకు పుట్టీలో సన్న ఇసుక, దానిమీద తెల్ల ఎమల్షన్, అడుగున జాజు పట్టీ. ఊదుబత్తి పుల్లలతో నిచ్చెన. వాకిట్లో అట్టముక్కలు వంకరటింకరగా కోసి ముదురు బూడిద రంగు వేస్తే కడప బండలు పరిచినట్టే.

ఈ కొండలు, ఇళ్ళు పలకకు అంటించకండి. 1812లో రైస్విట్జ్ అనే ఆయన ప్రష్యా (అప్పటి జర్మన్ రాజ్యం) రాజుకు చూపించిన యుద్ధ క్రీడ బల్లలోనే భూభాగం విడి పలకలుగా, ముక్కలన్నీ కింది సొరుగుల్లో ఉండేవి. విడిగా ఉంటే వారానికో ఊరు కట్టొచ్చు.

సర్దడం

ఎన్ని కొండలు, ఇళ్ళు కావాలి? యుద్ధభూమిలో నాలుగో వంతు నిండాలని ఆటగాళ్ళలో ఒక లెక్క ఉంది. 44×60లో నాలుగో వంతు సరిగ్గా 22×30. ఆ కొలతకు సుద్దతో గడి గీసి, మీ దగ్గరున్నవన్నీ సందు లేకుండా అందులో పేర్చండి. గడి నిండితే చాలు. నిండకపోతే ఇంకో మిద్దె కట్టండి.

తర్వాత వాటిని పరిచేటప్పుడు మీ అంచు దగ్గర మోకాళ్ళమీద కూర్చుని, బొమ్మ కంటి ఎత్తు నుంచి అవతలి అంచును చూడండి. అడ్డం లేకుండా అవతలి సైన్యం మొత్తం కనిపిస్తుంటే ఆట మొదటి విడతలోనే అయిపోతుంది. మధ్యలో ఒక పెద్ద గట్టు అడ్డం రావాలి. సందులు మీ పెద్ద వాహనం పట్టేంత వెడల్పు ఉండాలి. వాహనాన్ని చేత్తో తోసి చూడండి.

ఫ్యాను, లైటు, చోటు

మే నెలలో ఫ్యాను ఆపి ఆడలేం. ఫ్యాను నేరుగా పలకమీద ఉంటే కాగితం గుర్తులు ఎగురుతాయి, వెనక లైటుంటే రెక్కల నీడ బొమ్మలమీద ఆడుతూ కళ్ళు లాగుతుంది. పలకను ఒకడుగు పక్కకు జరపండి, లైటు ఇద్దరి తలలవైపు నుంచీ పడేలా రెండు ఉంచండి. కరెంటు పోతే ఎవరి వంతో తెలియడానికి బీడింగుమీద ఒక గింజ పెట్టుకుంటాం, చింతగింజ. వంతు మారినప్పుడు అది అటు పోతుంది.

ఆట అయ్యాక రెక్కల నట్లు విప్పి, పలకల ముఖాలు ఎదురెదురుగా, మధ్యలో పాత దుప్పటి వేసి బీరువా వెనక నిలబెట్టండి. నేరుగా నేలమీద వద్దు, కింద రెండు బండముక్కలు పెట్టండి, గోడకు రెండంగుళాలు ఎడంగా. నవంబరు వానల్లో గోడ చెమ్మ పడుతుంది, చెమ్మకు ప్లైవుడ్ ఉబ్బుతుంది, వెనకాలే చెదలొస్తాయి. వానాకాలంలో పదిహేను రోజులకోసారి పలక వెనక చెయ్యిపెట్టి చూడండి. చల్లగా తడిగా తగిలితే ఆ పూట బయటికి తీసి ఆరబెట్టండి. ఎలాగూ బయటికొచ్చింది కాబట్టి మేము ఆ రోజు ఒక ఆట ఆడేస్తాం.